నల్లమడుగు శ్రుతుల సర్వే

నల్లమడుగు ప్రభుత్వ సంగీత కళాశాలకి ఆ వాయిద్యం వచ్చిన రోజున ప్రిన్సిపాల్ విశ్వపతిగారు దాని చుట్టూ రెండు ప్రదక్షిణాలు చేసి, చివరికి అంచుమీద వేళ్ళతో టకటకలాడించి చూశారు. ఆయన మృదంగం మనిషి. ప్రపంచంలో ఏ వస్తువునైనా కొట్టిచూసి అర్థం చేసుకుంటారు. ఇది మాత్రం అర్థం కాలేదు.

"తాయారూ, ఇది నీ పాలపడిందమ్మా. నువ్వే చూసుకో," అనేసి గదిలోకి వెళ్ళిపోయారు.

తాయారు అంటే కొప్పుల తాయారు. కాలేజీలో శ్రుతి సహాయకురాలు. హార్మోనియాలు సరిచేయడం, తంబూరాలకి తీగలు మార్చడం, వీణలకి మైనం కరిగించి మెట్లు నిలబెట్టడం ఆవిడ పని. పంతొమ్మిదేళ్ళుగా కాంట్రాక్టు ఉద్యోగమే. ఏటా జూన్‌లో పైనున్నవాళ్ళు సంతకం పెడితే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. వాళ్ళ నాన్న పద్యనాటకాల కంపెనీల్లో హార్మోనియం వాయించేవాడు. పెట్టె తెరిచి, రీడు మీద ఆకురాయి ఎంత సుతారంగా ఆనించాలో ఆయనే నేర్పాడు. ఆవిడకున్న చదువంతా అదే. ఆ చదువుకి సర్టిఫికెట్టు ఎవరూ ఇవ్వలేదు.

వచ్చిన వాయిద్యం బల్లంత పొడుగుంది. దానిమీద ఆరు మూలల మెట్లు, రెండువందల అరవై, ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్నాయి. ఒక్కో మెట్టు కింద ఒక్కో దీపం. కంప్యూటరుకి తగిలిస్తే ఏ మెట్టుకి కావాలంటే ఆ మెట్టుకి, ఏ శబ్దం కావాలంటే ఆ శబ్దం, వెంట్రుకవాసి తేడాతో సహా పెట్టుకోవచ్చు. మంత్రిగారు దాన్ని ఏదో దేశంలో ఏదో ఉత్సవంలో చూశారు. శబ్దం మాటెలా ఉన్నా దీపాలు నచ్చాయి. ఆయన తిరిగొచ్చిన వారంలోపల 'నాదసాంకేతిక విప్లవం' అనే పథకం పుట్టింది. విప్లవం మొట్టమొదట నల్లమడుగులోనే రావాలని నిర్ణయమైంది. ఎందుకంటే నల్లమడుగు కాలేజీలోనే దాన్ని పెట్టడానికి సరిపడా ఖాళీ గది ఉంది.

తయారుచేసినవాళ్ళు శ్రుతులు పెట్టి పంపలేదు. మీ సంగీతానికి తగ్గట్టు మీరే అమర్చుకోండి అని ఒక కాగితం పెట్టారు.

తాయారు మొదటి మూడురోజులూ దాన్ని ముట్టుకోలేదు. ఎదురుగా కుర్చీ వేసుకుని చూస్తూ కూర్చుంది. హార్మోనియంలో మెట్లు వీధిలో ఇళ్ళలా వరసగా ఉంటాయి. ఒక్కో మెట్టుకి ఇద్దరే ఇరుగుపొరుగు. ఇక్కడ ఒక్కో మెట్టుకి ఆరుగురు. నాలుగోరోజు పొద్దున టీ తాగుతూంటే ఆవిడకి తట్టింది. ఎవరి పక్కన ఎవరిని కూర్చోబెట్టాలన్నదే అసలు విషయం.

షడ్జమం ఒకచోట పెట్టింది. దాని కుడిపక్కన పంచమం. ఆ రెండింటికీ మధ్య, కాస్త పైన, అంతర గాంధారం. కింద సాధారణ గాంధారం. మూడు వేళ్ళు దగ్గరపెట్టి నొక్కితే గదంతా నిండుగా మోగింది. ఇదే వరసలో అన్నివైపులా అల్లుకుంటూ పోతే ఇంకో వింత కనిపించింది. ఏ మెట్టుని షడ్జమం అనుకున్నా మోహన రాగం ఆకారం మారదు. గొంతు పైకున్న పిల్లకి ఒకచోట, కిందకున్న పిల్లకి ఇంకోచోట, వేళ్ళ ముగ్గు మాత్రం ఒకటే.

"నాన్నా, నువ్వు చూడాల్సింది," అనుకుంది. హార్మోనియం రీడు ఒక్క గీటు ఎక్కువ గీస్తే మళ్ళీ అతికించలేం. ఇందులో తప్పుచేసినా వెనక్కి రావచ్చు.

అప్పుడే వచ్చారు కనకవల్లిగారు.

వారణాసి కనకవల్లిగారు గాత్రం టీచరు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో హార్మోనియాన్ని తన క్లాసు గుమ్మం తొక్కనివ్వలేదు. "అది గాంధారం దగ్గర అబద్ధమాడుతుంది," అనేవారు పిల్లలతో, తాయారు వరండాలో ఉందని తెలిసి కూడా. తాయారుకి ఆ మాట చురుక్కుమనేది. తన చేతిని అన్నా పడేదిగానీ, ఆ పెట్టె వాళ్ళ నాన్నది కూడా. కాకపోతే ఆవిడ చెప్పింది నిజమని తాయారు చెవికి తెలుసు. అందుకే ఇంకా మంట.

"ఏమిటే ఇది? పాచికలాడే బల్లలా ఉంది," అన్నారు కనకవల్లిగారు గుమ్మంలోంచి.

"ఒక్క గాంధారం పాడండి టీచరుగారూ," అంది తాయారు.

"నీ పెట్టెతోనా?"

"పెట్టె కాదండీ ఇది. మీరు చెప్పినచోట ఆగుతుంది."

కనకవల్లిగారు నిలబడే పాడారు. తాయారు ఒక మెట్టుమీద వేలు పెట్టి, రెండోచేత్తో కంప్యూటరు మీద శబ్దాన్ని కొద్దికొద్దిగా కిందికి దింపింది. గొంతుకీ మెట్టుకీ మధ్య, శ్రుతి కలవనప్పుడు వచ్చే అల కొట్టుకుంటోంది. అల నిదానించింది. ఇంకా నిదానించింది.

"ఆఁ. అక్కడ. కదపకు," అన్నారు కనకవల్లిగారు. అని, పాడటం మానేసి, మెల్లిగా వచ్చి కుర్చీలో కూర్చున్నారు. తరవాత చెప్పులు గుమ్మం బయట విడిచి మళ్ళీ వచ్చి కూర్చున్నారు.

నాలుగు నెలలు ఇద్దరూ కలిసి పనిచేశారు. ఒక్కో స్థాయికి ఇరవైరెండు శ్రుతులు, అయిదు స్థాయిలు. చేతికి అందుబాటులో ఉండాలని కొన్ని శ్రుతుల్ని రెండుమూడుచోట్ల పెట్టారు. ఏ రెండు శ్రుతుల మధ్య ఎంత దూరమో గొడవపడ్డారు, భోజనాల డబ్బాలు పంచుకున్నారు. కనకవల్లిగారు మొదటిసారి తన క్లాసుని ఆ గదికి తీసుకొచ్చారు.

అయిదో నెలలో ఇన్‌స్పెక్షను వచ్చింది.

శాఖ జాయింట్ డైరెక్టరు తలుపుల రంగనాయకులుగారు మంచి మనిషి. ఒకరి మీద గొంతు పెంచి ఎరగరు. భూముల సర్వేలో ఇరవైఆరేళ్ళు పనిచేసి కిందటేడాదే సంగీతానికి బదిలీ అయ్యారు. వాయిద్యాన్ని చూడగానే ఆయన కళ్ళు మెరిశాయి.

"అబ్బ! లేఅవుటు ఎంత శుభ్రంగా ఉందండీ. ఎక్కడా గట్టు తగాదా లేదు," అన్నారు. కళ్ళజోడు సర్దుకుని తాయారు రాసిన శ్రుతుల పట్టీ తీసి వేలుపెట్టి చదివారు. ఒకచోట వేలు ఆగింది. "అమ్మా, ఇక్కడ నలభైమూడో యూనిట్టులో పంచమం. తొంభైఒకటిలో కూడా అదే పంచమం. ఒకే ఆస్తి రెండుచోట్ల రాసి ఉంది."

"చేతికి దగ్గరగా ఉండాలని పెట్టామండీ."

"సదుద్దేశమే కావచ్చు. కానీ దీన్ని మేము డబుల్ రిజిస్ట్రేషన్ అంటాం."

కనకవల్లిగారికి ఒళ్ళుమండింది. "పాడేటప్పుడు ఒక స్వరం మీంచి ఇంకో స్వరం మీదికి ఊగుతూ వెళ్తాం. గమకం అంటారు. వాయించేవాళ్ళకి దగ్గర్లో శ్రుతి లేకపోతే ఎలా?"

"ఊగుతూ అంటే? మధ్యలో హద్దు ఉంటుంది కదండీ?"

"హద్దు దాటితేనే గమకం."

రంగనాయకులుగారు నొచ్చుకున్నట్టు చూశారు. "అంటే ఆక్రమణ," అన్నారు మృదువుగా. "అలవాటు పాతదే అయుండొచ్చు. ఆక్రమణలన్నీ పాతవే."

పదిరోజులకి సర్క్యులరు వచ్చింది. 'సదరు షట్కోణ వాద్యము నందలి ఏ రెండు యూనిట్లునూ ఒకే శబ్దమును కలిగి ఉండరాదు. ఏ యూనిట్టునూ శబ్దము లేక ఖాళీగా ఉండరాదు. ఒక యూనిట్టు, ఒక శ్రుతి. శ్రుతులన్నియు నియమానుసారము ఉన్నవని శ్రుతి సహాయకురాలు ధ్రువపత్రము సమర్పించవలెను.'

తాయారు లెక్కవేసింది. ఇరవైరెండు శ్రుతులు, అయిదు స్థాయిలు, నూటపది. మెట్లు రెండువందల అరవై. "మిగతా నూటయాభైకి ఏం పెట్టమంటారండీ?" అని ప్రిన్సిపాల్ గారిని అడిగింది.

"నన్నడిగితే కొన్నిట్లో తకిట, కొన్నిట్లో తకధిమి పెట్టమంటాను," అన్నారు విశ్వపతిగారు. "పైకి రాద్దాం. వాళ్ళే చెబుతారు."

వాళ్ళు చెప్పారు. 'లభ్యమగుచున్న శ్రుతుల సంఖ్య అవసరమునకు తగినట్లు లేనందున, నూతన శ్రుతుల గుర్తింపు మరియు నామకరణ సంఘము' ఏర్పడింది. దానికి అధ్యక్షులు రంగనాయకులుగారే. మొదటి సమావేశంలో ఆయన ఒక్క గంటలో సమస్య తేల్చేశారు. నియోజకవర్గంలో గ్రామాలు నూట నలభైతొమ్మిది. ఊరికొక శ్రుతి. మిగిలిన ఒక్క మెట్టూ భవిష్యత్ అవసరాల నిమిత్తం.

"దీనివల్ల సంగీతం ప్రజల్లోకి వెళ్తుంది. గొర్రెపాడు శ్రుతి. తుమ్మలబీడు శ్రుతి. ఎండమూడి శ్రుతి. వినడానికి ఎంత బాగుందో చూడండి," అన్నారు.

"వినడానికి అవి ఎలా ఉంటాయో ఎవరికీ తెలీదు కదండీ," అంది తాయారు. "ఇరవైరెండు శ్రుతులంటే మేమెవరం పెట్టినవి కావు. పాడుతూ పాడుతూ జనం చెవులు ఆగినచోట్లు అవి. మీరు చెప్పినచోట చెవి ఆగదు."

"అలవాటుమీద ఆగుతుందమ్మా. కొత్తగా వేసిన ఊళ్ళో జనం ఉండటంలేదూ?"

తాయారు చెప్పినట్టే చేసింది. చేయకపోతే వేరే ఎవరో చేస్తారు, ఇంకా అధ్వాన్నంగా చేస్తారు. రెండు శ్రుతుల మధ్య ఉన్న సందులో ఒక ఊరిని, ఆ ఊరికీ శ్రుతికీ మధ్య సందులో ఇంకో ఊరిని దూర్చుకుంటూ పోయింది. వారంరోజుల్లో వాయిద్యం నిండింది. వరసగా నొక్కితే దోమల గుంపు గదిలోకి వచ్చినట్టుంది. కనకవల్లిగారు క్లాసుని మళ్ళీ పాతగదికి తీసుకెళ్ళిపోయారు.

ధ్రువపత్రం మీద మాత్రం తాయారు సంతకం పెట్టలేదు.

రంగనాయకులుగారు ఆవిడని కూర్చోబెట్టి ఓపిగ్గా మాట్లాడారు. "నేను కోప్పడటంలేదమ్మా. జూన్ దగ్గరకొస్తోంది. మీ కొనసాగింపు ఫైలు నా బల్లమీదే ఉంది. ఆ ఫైలుకి ఈ ధ్రువపత్రం జతచేయాలి. రూలు."

"శ్రుతి కుదిరిందని రాయాలంటే కుదరాలి కదా సార్. కుదరలేదండీ."

"కుదిరిందని నేను చెబుతున్నానుగా."

"మీరు చెబితే మీరు సంతకం పెట్టండి సార్."

పంతొమ్మిదేళ్ళలో పై అధికారికి ఎదురు చెప్పడం అదే మొదలు. ఇంటికి వెళ్తూ దారి పొడుగునా తనమీద తనకే కోపం. తన చెవి ఇప్పుడు ఎవడికి కావాలి? నలభైఆరేళ్ళ వయసులో పెట్టె భుజానేసుకుని ఏ నాటక కంపెనీకి వెళ్తుంది? అసలు కంపెనీలెక్కడున్నాయి?

అయితే సంగతి ఇంకో దారి పట్టింది. గ్రామాల శ్రుతుల జాబితా పత్రికలో పడింది.

మర్నాడు పదకొండింటికి తుమ్మలబీడు సర్పంచి ఇరవైమందిని వెంటబెట్టుకుని కాలేజీకి వచ్చాడు. "మా ఊరి శ్రుతి వినిపించండమ్మా," అన్నాడు మర్యాదగానే. తాయారు నొక్కింది. మంద్రస్థాయి. గేదె మూలిగినట్టొచ్చింది.

"ఇదా మా ఊరు?"

"కిందిస్థాయి అండీ. గంభీరంగా ఉంటుంది."

"గొర్రెపాడు?"

తాయారు గొర్రెపాడు నొక్కింది. తారస్థాయిలో గంటలా మోగింది. సర్పంచి ముఖం ఎర్రబడింది. "రోడ్డేశారు వాళ్ళకి, ఊరుకున్నాం. ఆస్పత్రి వాళ్ళకే ఇచ్చారు, ఊరుకున్నాం. ఇప్పుడు శ్రుతి కూడా మాకంటే పైనా?"

ఆ వారంలో నలభైరెండు ఊళ్ళవాళ్ళు వచ్చారు. ఎండమూడివాళ్ళకి తమ పక్కన ఎవరున్నారన్నది అభ్యంతరం. జిల్లేళ్ళవలసవాళ్ళకి దీపం రంగు అభ్యంతరం. ఒక ఊరివాళ్ళు మాకు రెండు శ్రుతులు కావాలన్నారు, ఊళ్ళో రెండు వీధులకీ పడదు కాబట్టి. విశ్వపతిగారు అందర్నీ కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించి, తాళం వేసుకుంటూ విన్నారు. చివరికి నామకరణ సంఘం సమావేశానికి ఎమ్మెల్యేగారు స్వయంగా వచ్చారు.

"నా నియోజకవర్గంలో ఏ ఊరూ ఇంకో ఊరికంటే కింద మోగడానికి వీల్లేదు," అన్నారాయన.

రంగనాయకులుగారు చాలాసేపు కాగితం మీద గీతలు గీశారు. తరవాత తలెత్తారు. ముఖంలో గొప్ప ప్రశాంతత కనిపించింది.

"కింద మోగకూడదంటే పైన మోగేవాళ్ళుండకూడదు సార్. పైన మోగేవాళ్ళు లేకపోతే కింద మోగేవాళ్ళూ ఉండరు. అందరూ ఒకేచోట మోగాలి."

"అంతేకదా నేననేది," అన్నారు ఎమ్మెల్యేగారు.

సవరణ ఉత్తర్వు మూడోరోజున వచ్చింది. 'పూర్వపు సర్క్యులరు నందు "ఒకే శబ్దమును కలిగి ఉండరాదు" అనుచోట "ఒకే శబ్దమును కలిగి ఉండవలెను" అని చదువుకొనవలసినది.'

తాయారు రెండువందల అరవై మెట్లకీ షడ్జమం పెట్టింది. అరపూటలో అయిపోయింది. ఎక్కడ నొక్కినా ఒకటే సా. తప్పు ఉందేమోనని చెవిపెట్టి విన్నది. ఆ కొసనించి ఈ కొసదాకా ఒక్క అల కూడా లేదు. పుట్టి బుద్ధెరిగాక ఇంత కచ్చితంగా శ్రుతి కలిసిన వాయిద్యాన్ని ఆవిడ చూడలేదు. ధ్రువపత్రం తెప్పించుకుని, 'శ్రుతి సంపూర్ణముగా కుదిరినది' అని రాసి, నిజాయితీగా సంతకం పెట్టింది.

ప్రారంభోత్సవం వైభవంగా జరిగింది. మంత్రిగారు ఒక మెట్టు నొక్కారు. సా అంది. ఇంకోటి నొక్కారు. సా. ధైర్యంవచ్చి రెండుచేతులూ వేశారు. అన్ని రంగులూ వెలిగాయి, సా అంది.

"నేను జీవితంలో సంగీతం నేర్చుకోలేదు," అన్నారు మంత్రిగారు మైకులో. "అయినా ఒక్క అపస్వరం రాలేదు. ఇదీ ప్రజాసంగీతమంటే!" హాలు మారుమోగిపోయింది.

అక్కడితో ఆగితే బాగుండేది. నెల తిరక్కుండా ఇంకో కాగితం దిగింది. 'కళాశాలలోని ఇతర వాద్యములందును స్వరముల మధ్య అసమానతలు కొనసాగుచున్నట్లు గుర్తించడమైనది.' పదకొండు హార్మోనియాలూ ఒకే సా మోగాలి. వీణల మీద ఒక్క మెట్టు ఉంచి మిగతావి తీసేయాలి. గాత్రం పరీక్షలో షడ్జమం ఒక్కటే పాడించి మార్కులు వేయాలి. ఆ ఏడు కాలేజీ ఉత్తీర్ణత నూటికి నూరు. పిల్లల తల్లిదండ్రులు స్వీట్లు పంచారు. నాలుగేళ్ళు వర్ణాలు సాధన చేసిన పిల్లలు మాత్రం స్వీటు చేత్తో పట్టుకుని వరండాలో నిలబడిపోయారు.

తాయారు హార్మోనియం పెట్టె విప్పి, ఆకురాయి తీసుకుని రీడు మీద ఆనించబోయి ఆగిపోయింది. ఆ రీడుల్లో సగం వాళ్ళ నాన్న గీసినవి. ఆకురాయి పక్కనపెట్టి గాత్రం గదికి వెళ్ళింది.

కనకవల్లిగారు ఒక కవరు అంటిస్తున్నారు.

"ఏమిటండీ అది?"

"స్వచ్ఛంద విరమణ. ఇంకా రెండేళ్ళుంది. ఇక నాకు ఓపిక లేదు." కవరు మీద చిరునామా రాసి కలం మూతపెట్టారు. "నువ్వు సంతకం పెట్టావటగా?"

"అబద్ధం కాదు టీచరుగారూ. అది శ్రుతిలోనే ఉంది."

"ఉంది. నేను కాదనలేదు. అంత శ్రుతిలో ఉన్నది నేనూ ఎప్పుడూ వినలేదు," అన్నారు కనకవల్లిగారు. కోపం లేదు గొంతులో. అదే తాయారు తట్టుకోలేకపోయింది. తిట్టుంటే బాగుండేది. ఊళ్ళ శ్రుతులకి సంతకం పెట్టనన్నప్పుడు ఉద్యోగం పోతుందని భయమేసింది. ఇప్పుడు ఉద్యోగం ఉంది. ఆ ఉద్యోగంలో చేయాల్సిన పనే లేదు.

కవరు ప్రిన్సిపాల్ గారి బల్లమీదికి వెళ్ళింది.

సరిగ్గా అప్పుడే రాజధాని నుంచి కబురొచ్చింది. వేరే రాష్ట్రాల అతిథులొస్తున్నారు. మంత్రిగారు వాళ్ళకి విప్లవాన్ని చూపించాలనుకుంటున్నారు. 'సదరు షట్కోణ వాద్యముపై ప్రార్థనా గీతము వినిపించవలెను.' పన్నెండు రోజులు గడువు.

రంగనాయకులుగారు నల్లమడుగులో దిగి రిహార్సలు పెట్టించారు. పదిమంది పిల్లలు, ఒకటే సా, మూడు చరణాలు. అయిపోయాక, "బాగానే ఉంది. మంత్రం చదివినట్టుంది," అన్నారు. కానీ ఎందుకైనా మంచిదని మంత్రిగారి పేషీకి ఫోనులో వినిపించారు. అవతలినుంచి ఒక మాట వచ్చింది. "సార్, మీ ఫోను ఎక్కడో ఇరుక్కుపోయింది. మళ్ళీ చేయండి."

మళ్ళీ చేశారు. "ఇంకా ఇరుక్కునే ఉంది సార్."

రంగనాయకులుగారు ఫోను పెట్టేసి కుర్చీలో కూలబడ్డారు. ఆ మనిషిని చూస్తే తాయారుకి జాలేసింది. ఇరవైఆరేళ్ళు కొలత గొలుసు పట్టుకుని ఎండలో పొలాల వెంట నడిచినవాడు. గట్లు సరిగ్గా ఉంటే ఊళ్ళో తలలు పగలవని నమ్మినవాడు. ఇప్పుడు ఆయనకి ఒక దారి కావాలి. దారి! తాయారు చటుక్కున లేచి, ఆఫీసుగదిలోకి వెళ్ళి, ఒక తెల్లకాగితం తీసుకుంది. గత ఏడాదిగా వచ్చిన సర్క్యులర్లన్నీ ఆవిడకి నోటికొచ్చు. ఆ భాషలోనే రాసింది.

'అయ్యా, సదరు ప్రార్థనా గీతము షడ్జమ స్వరమునందు శాశ్వత నివాసము కలిగియున్నప్పటికీ, తన జీవనోపాధి నిమిత్తము ఇతర స్వరముల మీదుగా నిత్యము రాకపోకలు సాగించవలసియున్నది. ఈ దారులు తాతల కాలము నుండి వాడుకలో ఉన్నవి. కావున సదరు దారులను గుర్తించి, గీతమునకు దారి హక్కు కల్పించవలసినదిగా ప్రార్థన. రాకపోకలు మాత్రమే కానీ స్వరముల యాజమాన్యములో మార్పు లేనందున, ఏ గ్రామము యొక్క సమానత్వమునకును భంగము వాటిల్లదని మనవి.'

రంగనాయకులుగారు ఒకసారి చదివారు. రెండోసారి పైకి చదివారు. మూడోసారి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"దారి హక్కు! ఈ మాట ముందే చెప్పాల్సిందమ్మా. దారి హక్కుని ఎవరు కాదంటారు? పొలం ఎవరిదైనా నడవనివ్వాల్సిందే. చట్టం," అన్నారు. "ఎవరు రాశారిది?"

"నేనేనండీ."

"ఇన్నాళ్ళూ ఈ కాలేజీలో భాష తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరనుకున్నాను."

అక్కడే, నిలబడే, ఉత్తర్వు రాశారు. 'వాద్యములకును గాత్రమునకును స్వరముల మధ్య దారి హక్కు తాత్కాలికముగా మంజూరు చేయడమైనది.' కింద అలవాటు ప్రకారం ఇంకో వాక్యం చేర్చారు. 'తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు ఈ ఏర్పాటు అమలులో ఉండును.' దారుల నిర్వహణకి మనిషి ఉండాలి కాబట్టి తాయారు వచ్చే ఏడాది కొనసాగింపు మీద కూడా ముందుగానే సంతకం పెట్టేశారు.

పాత అమరిక మిగల్లేదు. అన్నిటికీ సా పెట్టినప్పుడే చెరిగిపోయింది. తాయారు మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది. ఈసారి కనకవల్లిగారిని పిలవడానికి మొహం చెల్లలేదు. ఒక్కతే కూర్చుని పంచమాలు కలుపుకుంటోంది. రెండోరోజు మధ్యాహ్నం ఏదో రిషభం దగ్గర తటపటాయిస్తూంటే వెనకనుంచి మాట వినిపించింది.

"ఇంకా పైకి. ఇంకొంచెం. ఆఁ."

తాయారు వెనక్కి తిరగలేదు. తిరిగితే ఏడుపొస్తుందని తెలుసు. "గాంధారం మీరే చెప్పాలండీ," అంది.

"చెబుతాలే. ముందు ఆ కిందివరస సరిచెయ్. దోమలింకా వదల్లేదు," అన్నారు కనకవల్లిగారు, కుర్చీ దగ్గరికి లాక్కుంటూ.

నాలుగు నెలల పని ఆరురోజుల్లో అయింది. చేతులకి దారి తెలుసు.

రాజధానిలో, ఉదయం పదిగంటలకి, పెద్ద హాల్లో కనకవల్లిగారు పాడారు. ముప్ఫై ఏళ్ళలో మెట్లు నొక్కే వాయిద్యం పక్కన పెట్టుకుని సభలో పాడటం ఆవిడకి మొదటిసారి. ప్రార్థనా గీతం అయిదు నిమిషాలే. కానీ చివరి చరణంలో గాంధారం మీద ఆగారావిడ. తాయారు వేలు ఆ మెట్టు మీద ఆగింది. గొంతేదో మెట్టేదో తెలియలేదు. హాల్లో ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. మంత్రిగారు దీపాలు చూడటం మర్చిపోయారు.

తెర వెనక్కి రంగనాయకులుగారు వచ్చారు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "అమ్మా, చివర్లో ఒకచోట ఆగారు చూడండి. అది ఎన్నో నంబరు?" అని అడిగారు.

"నంబరు చెప్పాలంటే పట్టీ చూడాలండీ. నేను చెవితో పట్టుకున్నాను," అంది తాయారు.

"అలాగా," అని ఆయన కాసేపు నిలబడ్డారు. "బాగుంది," అన్నారు. అన్నాక ఎవరైనా విన్నారేమోనని మళ్ళీ అటూ ఇటూ చూశారు.

నల్లమడుగు తిరిగొచ్చాక కనకవల్లిగారు ప్రిన్సిపాల్ గదికి వెళ్ళి, తన కవరు పైకి పంపారా అని అడిగారు. విశ్వపతిగారు సొరుగులోంచి తీసి ఇచ్చారు. "తాళంలో సరైన ఎత్తుగడ కోసం ఆగాను," అన్నారు. ఆవిడ అక్కడే రెండుముక్కలు చేశారు. హార్మోనియాలు ఎప్పటిలా మోగుతున్నాయి. వీణల మీద మెట్లు తిరిగొచ్చాయి. ఫెయిలయ్యే పిల్లలు హాయిగా ఫెయిలవుతున్నారు.

మూడు నెలల తరవాత ఒకరోజు రంగనాయకులుగారి దగ్గర్నుంచి ఫోను.

"తాయారమ్మా, ఆ దారి హక్కు ఫైలు ఇంకా తెరిచే ఉంది. తదుపరి ఉత్తర్వులు ఇచ్చి మూసెయ్యాలి. ఇక్కడ మావాళ్ళకెవరికీ రాయడం రావడంలేదు. ముసాయిదా ఒకటి మీరే తయారుచేసి పంపగలరా? తొందరేం లేదు."

"అలాగేనండీ. పంపిస్తాను," అంది తాయారు.

ఇది జరిగి ఏడేళ్ళయింది. ఏడాదికోసారి ఆయన గుర్తుచేస్తారు. రాస్తున్నానండీ అంటుందావిడ, ఏదో ఒక మెట్టుమీద వేలు పెట్టి వింటూ.